మహానుభావుడి ముక్కు మీద కురుపు

ఆ వీధిలో అందరూ ఆమెను పళ్ళమేస్త్రి అనేవాళ్ళు. పళ్ళ డాక్టరు కాదామె. డాక్టరు పీకేస్తే ఏర్పడిన ఖాళీలను పూడ్చే పళ్ళు తయారుచేసే మనిషి. క్లినిక్కు వెనక, ఒకే ఒక్క కిటికీ ఉన్న ఇరుకు గదిలో కూర్చుని, ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో సగం నవ్వులను తన చేత్తోనే చెక్కి పంపింది. వీధిలో ఎవరైనా నవ్వుతూ ఎదురైతే, మనిషిని పోల్చుకోకముందే పళ్ళను పోల్చుకునేది. "ఇవి నావే!" అనేసేది, పక్కవాళ్ళు ఉలిక్కిపడేలా. నోట్లో నువ్వుగింజ నానని స్వభావం. అదొక్కటి తప్ప ఆమెలో వంక పెట్టడానికేమీ లేదని వాళ్ళ అక్క అంటూ ఉండేది. ఆ ఒక్కటీ చాలదా అని అక్క మొగుడు అనేవాడు.

ఒక శనివారం పొద్దున పళ్ళమేస్త్రి దుప్పట్లు మూటగట్టుకుని వీధి చివర లాండ్రీకి వెళ్ళింది. అక్కడ ఐదు అంకె ఉన్న బిళ్ళలు నాలుగు వేస్తే తిరిగే యంత్రాలు పది వరసగా ఉన్నాయి. యంత్రం మూడు బిళ్ళలు మింగి నాలుగోదాన్ని ఉమ్మేసింది. మళ్ళీ వేసింది. మళ్ళీ ఉమ్మేసింది. మూడోసారి యంత్రం నెత్తిన ఒక్కటిచ్చి మరీ వేసింది. బిళ్ళ ఠంగుమని నేలమీద పడి, దొర్లుకుంటూ వచ్చి ఆమె చెప్పు పక్కనే చతికిలబడింది.

"దీని జిమ్మడ! నా డబ్బంటే అంత చేదా నీకు?" అంటూ వంగి తీసింది.

ఐదు బిళ్ళ మీద ఒకవైపు ఓడ ఉంటుంది. రెండోవైపు మహానుభావుడు ఉంటాడు. దేశాన్ని నిలబెట్టినవాడని చిన్నప్పుడు బడిలో వల్లెవేయించిన మనిషి. ప్రతి ఆఫీసు గోడమీదా ఆయనే, ప్రతి తపాలాబిళ్ళ మీదా ఆయనే. పక్కకు తిరిగిన మొహం, కత్తిలాంటి ముక్కు, జన్మలో నవ్వి ఎరగని పెదవులు. ఈ బిళ్ళ మీద మాత్రం ఆయన ముక్కు కొసన ఆవగింజకు పెద్దన్నలాంటి బొడిపె లేచి ఉంది. బిళ్ళ అంచు నుంచి నుదుటి మీదుగా ఆ బొడిపెదాకా ఒక సన్నటి గీత, దారం అతికించినట్టు ఉబ్బెత్తుగా పాకింది.

పళ్ళమేస్త్రి పగలబడి నవ్వింది. లాండ్రీ ఆవిడ బల్ల వెనకనుంచి తల పైకెత్తింది.

"ఏమైందే?"

"మన మహానుభావుడికి ముక్కు మీద కురుపు లేచిందొదినా. పాపం, ఎవరూ మందు రాసినట్టు లేదు."

నవ్వు తగ్గాక ఆమె ఆ గీత మీద గోటితో అడ్డంగా గీసి చూసింది. గోరు గుంటలో దిగబడలేదు, గట్టెక్కి దిగింది. అక్కడితో ఆమెకు విషయం సగం అర్థమైపోయింది. ఎందుకంటే అది ఆమె రోజూ తిట్టుకునే వ్యవహారమే. పళ్ళ అచ్చులో ఎక్కడైనా చిన్న పెచ్చు ఊడిందంటే, అందులో పోసిన ప్లాస్టరు ఆ గుంటలోకి కూడా పోయి కూర్చుంటుంది. తీసి చూస్తే చిగురు మీద లేని గుబ్బ. అచ్చులో గుంట, పోతలో గుబ్బ. బిళ్ళకైనా అంతే కదా! దీన్ని కొట్టిన ఉక్కు అచ్చు పగిలి, ముక్కు దగ్గర ఓ పెచ్చు ఊడింది. లోహం వెళ్ళి ఆ ఖాళీలో కురుపైంది.

దుప్పట్లు ఆరకముందే ఆమె మనసులో ఆదివారం భోజనానికి అక్కావాళ్ళింటికి వెళ్ళాలని నిశ్చయమైపోయింది. బావకు చూపించాలి.

బావ నాణేల సంఘానికి పదకొండేళ్ళుగా అధ్యక్షుడు. సంఘంలో ఉన్నది నలభైమంది, అందులో పన్నెండుమంది టీ కోసం వచ్చేవాళ్ళు. అయినా ఆయన అధ్యక్షత ఇంట్లో కూడా నడిచేది. ఉప్పు అందుకోమని చెప్పేటప్పుడు కూడా గొంతు సవరించుకుని, కాసేపు ఆగి, అందరూ వింటున్నారో లేదో చూసి మరీ చెప్పేవాడు. బీరువాలు నాణేల ఆల్బములతో నిండిపోగా, అక్క బట్టలు మంచం కింది పెట్టెలోకి కాందిశీకుల్లా తరలిపోయాయి.

భోజనాలయ్యాక మరదలు ఇచ్చిన బిళ్ళను ఆయన భూతద్దం కూడా తీయకుండా, చెయ్యి బారుకి పెట్టి చూశాడు.

"దెబ్బ తిన్న బిళ్ళ," అన్నాడు.

"దెబ్బ తింటే సొట్ట పడుతుంది బావా. బొడిపె ఎలా లేస్తుంది?"

"ఏ సుత్తితోనో కొట్టుంటారు."

"సుత్తితో కొడితే నీకు ముక్కు లోపలికి పోతుందా, బయటికి వస్తుందా? పోనీ, ఆ గీత చూడు. గోరు పెట్టి చూడు. పైకి ఉందది. గీరుడైతే లోపలికి ఉండాలిగా? అంత లోహం ఎక్కణ్ణుంచి వచ్చింది, మహానుభావుడు లోపలినుంచి కక్కాడా?"

"చూడమ్మా," అన్నాడు బావ, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని. "ముప్పై ఏళ్ళ అనుభవంతో చెబుతున్నా. ఇది దెబ్బ. అచ్చు విరుపంటే ఎలా ఉంటుందో చూస్తావా?"

చూస్తానని ఎవరూ అనకముందే ఆయన లోపలికి వెళ్ళి నీలం మఖమలు పెట్టె తెచ్చాడు. ఆ పెట్టెలో ఉన్నది ఆయన జీవితం. ఒక పది బిళ్ళ. దాని అంచున, రాసిన అక్షరాల్లో చివరి రెండింటినీ మింగేసి, పెసరగింజంత గుబ్బ. సంఘంలో అలాంటిది ఇంకెవరి దగ్గరా లేదు. ఆయన్ను అధ్యక్షుణ్ణి చేసిందే ఆ గుబ్బ.

పళ్ళమేస్త్రి అలవాటు కొద్దీ బిళ్ళను అంచుల్తో పట్టుకుని వెనక్కి తిప్పింది. వెనకవైపు దీపస్తంభం. ఇటుకలు లెక్కపెట్టుకోవచ్చు, అంత తేటగా ఉంది.

"తిప్పకు!" బావ బిళ్ళను లాక్కున్నంత పని చేశాడు. "చెమట అంటుతుంది."

"ముందువైపుకి అంటని చెమట వెనకవైపుకి అంటుతుందా?"

"ఏయ్, ఊరుకోవే," అంది అక్క, గిన్నెలు ఎత్తుతూ. అక్క చూపులో ఏదో ఉంది. ఏమిటో పళ్ళమేస్త్రికి అప్పుడు అందలేదు. బిళ్ళ సంచిలో వేసుకుని, మొహం గంటు పెట్టుకుని ఇంటికొచ్చింది.

*

మర్నాటి నుంచి ఆ బిళ్ళ ఆమె పనిబల్ల మీద, మైనం ముక్కల పక్కన కూర్చుంది. నాలుగో రోజున ప్రెస్సాయన వచ్చాడు.

ప్రెస్సాయనకి అరవై దాటాయి. నిరుడే రిటైరయ్యాడు. పళ్ళు ఆయనకన్నా ముందే రిటైరయ్యాయి. ఎక్కడ పనిచేశాడో చెప్పలేదు, "ప్రెస్సు మీద" అన్నాడంతే. పేపరు అచ్చువేసే ప్రెస్సేమో అనుకున్నారు అందరూ. డాక్టరు ఆయన నోటినిండా అచ్చు తీసే ముద్దను కుక్కి, "మూడు నిమిషాలు కదలకండి, మాట్లాడకండి" అని, కాపలాకి పళ్ళమేస్త్రిని పిలిచి, ఫోను మోగుతుంటే పక్కగదిలోకి పోయాడు. పళ్ళమేస్త్రి ఊరికే కూర్చోలేక తన బిళ్ళ తెచ్చుకుని, కళ్ళకు తగిలించుకునే భూతద్దం దించి మళ్ళీ చూడసాగింది.

ప్రెస్సాయన కుర్చీలోంచి ఆ బిళ్ళ వైపు చూశాడు. కళ్ళు పెద్దవయ్యాయి.

"మ్మ్!" అన్నాడు.

"మాట్లాడకూడదు బాబాయ్."

"మ్మ్మ్! మ్మ్ మ్మ్!" వేలు బిళ్ళ వైపు చూపించాడు. తర్వాత తన గుండె మీద కొట్టుకున్నాడు. తర్వాత పిడికిలి బిగించి గాలిలో దబదబా గుద్దాడు.

"ఏం బాబాయ్, గుండెల్లో నెప్పా? డాక్టర్ని పిలవనా?"

ఆయన తల అడ్డంగా ఊపి, తన ముక్కు కొస పట్టుకుని లాగి, మళ్ళీ బిళ్ళ చూపించి, మళ్ళీ గుండె మీద కొట్టుకున్నాడు. మూడు నిమిషాలు ఆ మూగనాటకం సాగింది. ముద్ద గట్టిపడి, పళ్ళమేస్త్రి దాన్ని చటుక్కున ఊడదీయగానే ఆయన నోటివెంట మొట్టమొదట వచ్చిన మాట:

"అది నాదే!"

"ఏది?"

"ఆ కురుపు! నా ప్రెస్సు మీదే లేచింది. బిళ్ళలు కొట్టే చోట ముప్పై నాలుగేళ్ళు చేశానమ్మాయ్. నేను దిగిపోయే ముందు నెల జరిగిందది."

ఆమె ఆయనకి పుక్కిలించడానికి నీళ్ళిచ్చింది. ఆయన సగం పుక్కిలించి, సగం మింగేసి చెప్పుకొచ్చాడు. అచ్చు ఉక్కుదే అయినా పంటిలాంటిదే. నిమిషానికి ఏడువందల దెబ్బలు తింటూ తింటూ, ముందు వెంట్రుకలాంటి పగులు వస్తుంది. కంటికి ఆనదు. బిళ్ళ మీద మాత్రం సన్నగీతై పైకి తేలుతుంది. ఆ పగులు పాకుతుంది, వెడల్పవుతుంది. ఏదో ఒక దెబ్బకి పెచ్చు ఊడిపోతుంది. అక్కణ్ణుంచి కొట్టిన ప్రతి బిళ్ళకీ అదే చోట బొడిపె.

"చూసి ఆపలేదా మరి?"

"ఆపుదామనే వెళ్ళా. మా పైఅధికారి అన్నం తింటున్నాడు. 'మహానుభావుడి ముక్కు పాడైందండీ, ఆపెయ్యనా?' అన్నా. ఆయన ముద్ద నములుతూ, 'బిళ్ళ మీద మొహం ఎవడు చూస్తాడయ్యా, అంకె చూస్తారు గానీ' అన్నాడు. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, కళ్ళారా చూసి, గుండె పట్టుకునేసరికి పావుగంట. పావుగంటంటే పదివేల ముక్కులు. దొరికినవన్నీ కరిగించారు. ఒకట్రెండు గోతాలు అప్పటికే లారీ ఎక్కేశాయి."

పళ్ళమేస్త్రి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "మా బావ ఇది దెబ్బంటున్నాడు బాబాయ్."

"దెబ్బా? వెనక్కి తిప్పు." ఆయన బిళ్ళ తిప్పి ఓడ మీద వేలు పెట్టాడు. ముక్కుకి సరిగ్గా వెనక పడేచోట తెరచాప అరిగిపోయినట్టు చప్పగా ఉంది. "చూశావా? బిళ్ళకున్నది ఒకటే లోహం. అది అటు గుంట నింపడానికి పరిగెత్తితే, ఇటు బొమ్మకి చాలదు. అందుకని వెనకవైపు మొద్దుబారుతుంది. ముందు ఎంత బొడిపైనా సరే, వెనక బొమ్మ నిక్షేపంలా ఉందంటే, అది అచ్చులో పుట్టింది కాదు. ఎవడో తెచ్చి అతికించింది."

పళ్ళమేస్త్రి నవ్వు ఆగిపోయింది. దీపస్తంభం గుర్తొచ్చింది. లెక్కపెట్టుకోగలిగిన ఇటుకలు గుర్తొచ్చాయి. "తిప్పకు!" అన్న బావ గొంతు గుర్తొచ్చింది.

"ఏంటమ్మాయ్, ఉన్నట్టుండి అలా అయిపోయావు?"

"ఏం లేదు బాబాయ్. మళ్ళీ పుక్కిలించు."

*

నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఆ సంగతిని మూడు వారాలు మింగుకుని తిరిగింది. ఒకే ఇంట్లో పుట్టిన అక్క కాపురం అది. పదకొండేళ్ళుగా అక్క ఆ మఖమలు పెట్టెకు దుమ్ము దులుపుతోంది. అతికించిన గుబ్బ అని చెప్పి ఆ మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేస్తే, మర్నాడు ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? కానీ తన బిళ్ళను మాత్రం దెబ్బ అనిపించుకుని ఊరుకోబుద్ధి కాలేదు. దాని పరువు దానికి దక్కాలి.

ఒకే గోతంలో పోసిన బిళ్ళలు ఒకే బ్యాంకుకు వస్తాయని ప్రెస్సాయన చెప్పాడు. కురుపుకు ముందు పుట్టిన అన్నలు కూడా ఈ చుట్టుపక్కలే ఉండాలి. రోజూ పని అయ్యాక ఆమె లాండ్రీకి వెళ్ళి, యంత్రాల్లోంచి తీసిన బిళ్ళల బకెట్టు ముందేసుకుని కూర్చునేది. లాండ్రీ ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, తీసుకున్న బిళ్ళకు బదులు బిళ్ళ వేయాలి. కళ్ళకు భూతద్దాలు తగిలించుకుని బకెట్టులో తలదూర్చిన ఆమెను చూసి, బట్టలు తెచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగేవాళ్ళు.

"ఏం వెతుకుతోంది?"

"ముక్కులు," అనేది లాండ్రీ ఆవిడ.

వారం రోజులు ఏమీ దొరకలేదు. వేలకొద్దీ నున్నటి ముక్కులు. గీరుళ్ళు, సొట్టలు, ఎవడో పంటితో కొరికిన బిళ్ళ ఒకటి (ఆ కాటు ఎవరిదో కూడా ఆమె పోల్చింది). ఎనిమిదో రోజున అంచు దగ్గర వెంట్రుకంత గీత దొరికింది. వెలుతురు ఏటవాలుగా పడితేనే కనబడుతుంది. ఆమె వేసిన కేకకు ఒక ముసలాయన చేతిలోని సబ్బుడబ్బా జారవిడిచాడు. ఆ తర్వాత రోజుకొకటి కూడా కాదుగానీ, మొత్తానికి దొరికాయి. ఒకదానిమీద గీత కనుబొమ్మ దాకా వచ్చింది. ఒకదానిమీద ముక్కు వంపు దాకా పాకి కాస్త లావైంది. ఒకదానిమీద ముక్కు కొసన చిన్న పొక్కు. చివరిది తన కురుపు. ఒకే అచ్చు రోగం ముదిరిన తీరు, వరసగా ఐదు బిళ్ళలు.

సంఘం వార్షిక ప్రదర్శనకి ఆమె దరఖాస్తు పెట్టుకుంది. మరదలికి కాదంటే ఇంట్లో అన్నం కష్టమని అధ్యక్షుడికి తెలుసు. అందుకని ఒప్పుకుని, మరుగుదొడ్డి తలుపు పక్కనున్న బల్ల కేటాయించాడు.

అదే ఆయన చేసిన పొరపాటు. మరుగుదొడ్డికి పోనివాడు ఎవడు?

ఐదు బిళ్ళలూ చిన్నవి, దూరం నుంచి కనబడవు. అందుకని పళ్ళమేస్త్రి ప్లాస్టరుతో, కంచమంత ముక్కులు ఐదు పోత పోసింది. మొదటిది నున్నగా, వెంట్రుక గీతతో. ఐదోదాని మీద నిమ్మకాయంత కురుపు. బల్లమీద వాటిని వరసగా నిలబెట్టి, ఒక్కోదాని ముందు ఆ బిళ్ళ ఉంచింది. పదకొండు గంటలకల్లా హాలంతా అక్కడే గుమిగూడింది. అధ్యక్షుడు వేదిక మీద "నాణెము, నాగరికత" అని మొదలుపెట్టిన ఉపన్యాసం ఖాళీ కుర్చీలు వింటున్నాయి.

ఆయన దిగివచ్చాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఇదేం పని? జాతి గౌరవాన్ని మరుగుదొడ్డి పక్కన పెట్టి ముక్కులు ముక్కులుగా..."

"బల్ల ఇచ్చింది మీరేగా బావగారూ," అంది ఆమె, నలుగురిలో ఉన్నందుకు గారు తగిలించి. "ముక్కు చెడగొట్టింది సర్కారు. నేను వరసలో పెట్టానంతే."

అందరూ గొల్లుమన్నారు. అప్పుడే ప్రెస్సాయన వచ్చాడు. కొత్త పళ్ళ సెట్టు వారం కిందే పెట్టించుకున్నాడేమో, మాట్లాడుతుంటే టకటకమని తాళం పడుతోంది. బల్ల ముందు నిలబడి, ఐదు బిళ్ళల్నీ ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. బిడ్డల్ని చూసుకున్నట్టే చూశాడు. అన్నం తింటున్న అధికారి కథ మళ్ళీ చెప్పాడు. ఈసారి పళ్ళు ఉన్నాయి కాబట్టి ఇంకా బాగా చెప్పాడు.

"మరి అచ్చు విరుపో, దొంగతనంగా అతికించిందో తెలిసేదెలా?" అన్నాడు మందుల షాపాయన. సంఘంలో ఆయనకు నిజంగా నాణేల మీదే ప్రేమ.

ప్రెస్సాయన ఎవరి మొహమూ చూడకుండా గడగడా చెప్పేశాడు. "బొడిపె చూసి మురిసిపోకండి. వెనక్కి తిప్పండి. సరిగ్గా దాని వెనక బొమ్మ చప్పబడిందా, మంచిది. లేదా, ఎవడో అతికించాడన్నమాట."

"అయితే మన అధ్యక్షులవారి పది బిళ్ళ కూడా చూద్దాం!" అన్నాడు మందుల షాపాయన సంబరంగా. ఆ అమాయకుడి మనసులో ఏ కల్మషమూ లేదు. "నిజమైన దాని వెనకవైపు ఎలా ఉంటుందో అందరం నేర్చుకోవచ్చు."

నలభైమందీ వేదిక వైపు కదిలారు. మఖమలు పెట్టె తెరిచే ఉంది. పళ్ళమేస్త్రి బావ వైపు చూసింది. మనిషి నిలబడ్డచోటే ప్లాస్టరు పోతలా అయిపోయాడు. హాలు అవతలి మూల టీ కప్పుల పళ్ళెంతో అక్క. ప్రెస్సాయన అప్పటికే బిళ్ళ ఎత్తాడు. తిప్పాడు. దీపస్తంభం మీద బొటనవేలు రాశాడు. కనుబొమలు పైకి లేచాయి. నోరు తెరిచాడు.

"బాబాయ్!" పళ్ళమేస్త్రి అరుపుకి హాలు దద్దరిల్లింది. "నోరు తెరవకు! కింది సెట్టు జారిపోతోంది!"

ప్రెస్సాయన రెండు చేతులతో దవడ పట్టుకున్నాడు. ఆమె ఒక్క అంగలో వెళ్ళి, ఆయన చేతిలోని బిళ్ళను పెట్టెలో పడేసి, మూత మూసి, ఆయన్ను రెక్క పట్టుకుని సామాను గదిలోకి ఈడ్చుకుపోయింది. వెనకనుంచి అక్క గొంతు, ఎన్నడూ లేనంత గట్టిగా: "టీ చల్లారిపోతోంది! బిస్కెట్లు కూడా ఉన్నాయి, అందరికీ రావు!"

రావు అన్న మాట బాగా పనిచేసింది. నలభైమందీ టీ వైపు తిరిగారు.

"నా సెట్టు బాగానే ఉందమ్మాయ్," అన్నాడు ప్రెస్సాయన గదిలో, పళ్ళు తడుముకుంటూ.

"తెలుసు. చేసింది నేనేగా."

"ఆ పది బిళ్ళ..."

"అదీ తెలుసు."

"అతికించింది!"

"ఆయన మా అక్క మొగుడు బాబాయ్."

"ఓహో," అన్నాడు ప్రెస్సాయన. కళ్ళు నలుపుకున్నాడు. "అయితే నాకు కళ్ళు సరిగా ఆనవులే."

*

ఆ సాయంత్రం ఆమె ముక్కులను క్లినిక్కు గదిలో సర్దుకుంటూ ఉంటే బావ వచ్చాడు. గొంతు సవరించుకోలేదు. మఖమలు పెట్టె బల్లమీద పెట్టి, పేషెంటులా కుర్చీ అంచున కూర్చున్నాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"మూడు వారాలైంది. నీకు?"

"ఆరేళ్ళు." ఆయన తన చేతులు చూసుకున్నాడు. "ఎక్కడో చదివా, వెనకవైపు చూడమని. చూశా. ఆ ఇటుకలు... పద్నాలుగు ఇటుకలు మరదలా. ఒక్కటైనా చెరగలేదు. అప్పటికే అధ్యక్షుణ్ణి. ఏమని చెప్పను? నీ బిళ్ళ చూడగానే తెలిసింది, అది నిజమని. నిజమంటే, ఎందుకు నిజమో నువ్వు అందరికీ చెబుతావు. చెబితే నా బిళ్ళ తిప్పుతారు. అందుకే దెబ్బన్నా."

ఆమె నాలుక చివరిదాకా చాలా మాటలు వచ్చాయి. ఆయన మెడ వంగి ఉంది, చొక్కా కాలరు వెనక ఒక దారప్పోగు వేలాడుతోంది. మాటలన్నీ వెనక్కి పంపేసింది.

"ఎలా అతికించారో ఒకసారి చూడనీ," అంది. దీపం దగ్గరికి లాగి, పళ్ళు గీకే సన్నటి కొక్కెం తీసి గుబ్బ మొదట్లో మెల్లగా ఆనించింది. లోహమైతే ఆ కొక్కెం జారిపోవాలి. ఇది దిగబడింది. కాస్త పైకెత్తగానే టప్పుమని గుబ్బ ఊడి ఆయన ఒళ్ళో పడింది. కింద పసుపురంగు జిగురు. దాని కింద, పాత టంకం మచ్చ.

"జిగురా?" అన్నాడు బావ. "నేను చూసినప్పుడు టంకమే ఉంది. జిగురు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"నేనే పెట్టాను," అంది గుమ్మంలోంచి అక్క.

ఇద్దరూ తిరిగి చూశారు. ఆయన వెంటే వచ్చి, లోపలికి రావాలా వద్దా అని ఎంతసేపుగా నిలబడిందో.

"నాలుగేళ్ళ కింద దుమ్ము దులుపుతుంటే జారి కింద పడిందండీ. చూస్తే గుబ్బ ఒకచోట, బిళ్ళ ఒకచోట. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మీ ఇన్నేళ్ళ పరువు నా చేతిలో రెండు ముక్కలై కూర్చుంది. చెబితే మీరు తట్టుకోలేరని, నా చెప్పుకి అట్ట అతికించే జిగురు తెచ్చి..."

"చెప్పుల జిగురా?"

"గట్టిదండీ అది. ఆ చెప్పులు ఇప్పటికీ వాడుతున్నా."

బావ ఒళ్ళోని గుబ్బను చూశాడు. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని అక్క కంగారుగా ముందుకొచ్చింది. ఆయన నవ్వుతున్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ మనిషి అలా నవ్వడం పళ్ళమేస్త్రి ఎప్పుడూ చూడలేదు. ఒక పక్కపన్ను కదులుతోందని కూడా అప్పుడే గమనించింది, కానీ ఆ మాట మర్నాటికి వాయిదా వేసింది.

"చెప్పేద్దాం బావా," అంది నవ్వులు సద్దుమణిగాక. "నువ్వే చెప్పు, ఇంకొకరు తిప్పేలోపు. ఈ రెండు ముక్కలూ చూపించి, దొంగదాన్ని పట్టుకోవడమెలాగో నేర్పు. నేర్పడం నీకు ఇష్టమేగా."

ఆయన రెండు వారాలు ఆలోచించాడు. తర్వాతి సమావేశంలో వేదిక ఎక్కి, గొంతు సవరించుకుని, కాసేపు ఆగి, అందరూ వింటున్నారో లేదో చూసుకున్నాడు. మొదలుపెట్టింది నిజాయితీగానే. "మిత్రులారా, ఈ బిళ్ళ దొంగది. గుబ్బ అతికించింది" అన్నాడు. హాలు ఒక్కసారిగా సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దం ఆయన తలకెక్కింది. అక్కడ దారి తప్పాడు.

"పదకొండేళ్ళు! పదకొండేళ్ళుగా దీన్ని మీ కళ్ళెదుట పెట్టాను. మీలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, వెనక్కి తిప్పి చూశారా? పరిశీలన ఏదీ? శ్రద్ధ ఏదీ?"

నలభైమందీ తలలు వంచుకున్నారు. మందుల షాపాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మమ్మల్ని పరీక్షించడానికి ఇన్నేళ్ళు ఓపిక పట్టారా!" అన్నాడు గద్గదంగా. అధ్యక్షుడు అవుననలేదు, కాదనలేదు. కళ్ళు మూసుకుని తలపంకించాడంతే.

పళ్ళమేస్త్రి నోరు తెరిచింది. పక్కనుంచి అక్క తొడమీద గట్టిగా గిల్లింది. తెరిచిన నోటితో ఏం చేయాలో తోచక ఆమె చప్పట్లు మొదలుపెట్టింది. హాలంతా అందుకుంది. అక్కడికక్కడే ఆయన్ను ఇంకో ఐదేళ్ళకు అధ్యక్షుణ్ణి చేశారు. అదే తీర్మానంలో ఐదు ఐదుబిళ్ళలనూ అచ్చు విరుపు నిజమేనని సంఘం పుస్తకంలో రాసి, మరదలికి పరిశీలకురాలి పదవి కట్టబెట్టారు. నెలనెలా మొదటి ఆదివారం సభ్యులు బొడిపెలు తెస్తారు, ఆమె వెనక్కి తిప్పి చూస్తుంది. పదింట తొమ్మిది దెబ్బలే. ఆ మాట మెత్తగా చెప్పడం ఆమెకు రాదు. ఇప్పటికి ఆరుగురు అలిగారు. ప్రెస్సాయన మాత్రం ఎప్పుడూ అలగడు. సభ్యత్వం తీసుకుని, ప్రతి సమావేశంలోనూ తన పదివేల ముక్కుల కథ చెబుతాడు. ముక్కులు ఇప్పటికి పాతికవేలు దాటాయి.

బావ ఆ ఉపన్యాసం ఇచ్చిన రోజున అక్కా, బావా, పళ్ళమేస్త్రీ కలిసి ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నారు. బావ రెండుసార్లు మారు వడ్డించుకున్నాడు. మూడోసారి చెయ్యి చాచి, ఎవర్నీ చూడకుండా అన్నాడు:

"ఇవాళ వంట బాగుంది."

అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత చెల్లెలి వైపు చూసి, "ముప్పై ఏళ్ళుగా ఇదే కూర," అంది.

"ఊరుకోవే అక్కా," అంది పళ్ళమేస్త్రి. "తిననీ."